బోటుకి పెట్రోలా, డీజిలా? పాత ట్రాక్టర్ ఇంజన్ బోటులో దించొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఐదెకరాల వరి ఉంది, ట్రాక్టర్ కొందామనుకుంటున్నారు. నాన్నగారికి 28 అడుగుల ఫైబర్ బోటు ఉంది, దాని ఇంజన్ పని అయిపోయింది. ట్రాక్టర్లన్నీ డీజిలే కదా, మరి బోటుకి పెట్రోలు ఔట్‌బోర్డు (బోటు వెనక బయట వేలాడే ఇంజన్) పెట్టుకోమని స్నేహితులు ఎందుకంటున్నారు, అసలు ఈ రెండు ఇంజన్లకీ తేడా ఏంటి, బావగారింట్లో మూలపడి ఉన్న పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఇంజన్ని బోటులో దించితే డబ్బు కలిసొస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ట్రాక్టర్‌కి డీజిలే, అందులో రెండో ఆలోచన లేదు. నాన్నగారు రోజూ వేటకి వెళ్తారంటే బోటుకి కూడా గాలితో చల్లబడే 10 హెచ్‌పీ పొడుగు షాఫ్టు (చివర ప్రొపెల్లర్ ఉన్న పొడవాటి కడ్డీ) డీజిలే పెట్టండి. ఆ ట్రాక్టర్ ఇంజన్ మాత్రం బోటులో దించకండి. పెట్రోలు ఔట్‌బోర్డు చెడ్డదని కాదు, దానికి తగిన పని వేరే ఉంది. అదీ చెప్తాను.

కాకినాడ వైపు షెడ్డు పెట్టుకుని చాలా ఏళ్ళుగా ఈ రెండు రకాలూ విప్పుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ బోట్ల పని, వెంటనే తొలకరి పడితే ట్రాక్టర్ల పని. ఒకే షెడ్డులో ఒకే పానాలతో రెండూ చూస్తుంటే ఒకటి తెలిసొస్తుంది. పెట్రోలా డీజిలా అన్నది తర్వాత. ఇంజన్ రోజుకి ఎన్ని గంటలు, ఎంత లోడు మీద తిరగాలి? దాని బరువు అక్కడ మేలా, కీడా? కారిన ఇంధనం ఆవిరి ఎటు పోతుంది? ఈ మూడూ తేలితే ఏ ఇంజనో అదే తేలిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది

పెట్రోలు ఇంజన్లో ప్లగ్గు నిప్పురవ్వ కొడితేనే పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్లోకి వెళ్ళేది వట్టి గాలి. పిస్టన్ ఆ గాలిని 16 నుంచి 20 వంతుల్లో ఒక వంతుకి కుదించేస్తుంది. పెట్రోలులో ఈ కుదింపు 8 నుంచి 11 వంతుల దాకానే. సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొడితే కింద గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది చూడండి, ఇక్కడా అంతే; కాకపోతే ఈ గాలి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ సమయానికి నాజిల్ డీజిల్ని సన్నటి తుంపరగా చిమ్మితే ప్లగ్గు లేకుండానే భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపించి చూపించిన సూత్రం ఇదే, ఇప్పటికీ మారలేదు.

మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. అంత ఒత్తిడి తట్టుకోవాలి కాబట్టి బ్లాకు, పిస్టన్, క్రాంకు, బేరింగులు అన్నీ మందం. అందుకే డీజిల్ బరువు, అందుకే ఖరీదు, అందుకే ఎక్కువ కాలం మన్నుతుంది. చిమ్మిన డీజిల్ గాలితో కలిసి మండటానికి కొంత సమయం కావాలి కాబట్టి మరీ వేగంగా తిరగలేదు. ట్రాక్టర్ ఇంజన్లు రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అటూ ఇటూ ఉంటే, ఔట్‌బోర్డులు ఐదు వేల మీద తిరుగుతాయి. ఇంకొకటి, పాత పంపు రకం డీజిల్ ఒకసారి అందుకుందంటే దానికి కరెంటుతో పనిలేదు. బ్యాటరీ తీసి పక్కన పెట్టినా నడుస్తూనే ఉంటుంది. ఉప్పుగాలిలో నడిసంద్రంలో ఉన్నవాడికి ఇది ఎంత ధైర్యమో మీ నాన్నగారిని అడగండి.

ఖర్చు లెక్క

పోసిన పెట్రోలులోని శక్తిలో 25 నుంచి 30 శాతమే షాఫ్టుకి చేరుతుంది, మిగతాదంతా వేడిగా, పొగగా పోతుంది. డీజిల్లో 35 నుంచి 40 శాతం చేరుతుంది. పైగా డీజిల్ చిక్కన కాబట్టి లీటరుకి లీటరు చూస్తే పెట్రోలు కంటే పది శాతం దాకా ఎక్కువ శక్తి అందులోనే ఉంటుంది. ధర చూస్తే మన దగ్గర పెట్రోలు వంద దాటింది, డీజిల్ తొంభైల్లో ఉంది. మూడూ డీజిల్ వైపే మొగ్గుతాయి.

45 హెచ్‌పీ ట్రాక్టర్ రోటావేటర్ వేసుకుని గట్టిగా దున్నితే గంటకి ఆరేడు లీటర్ల డీజిల్ తాగుతుంది. అదే పని పెట్రోలు ఇంజన్తో చేయిస్తే తొమ్మిది, పది లీటర్లు పోయాల్సిందే. బోటు సంగతికొస్తే 10 హెచ్‌పీ డీజిల్ నిండు లోడు మీద గంటకి రెండు లీటర్ల పైచిలుకు. 9.9 హెచ్‌పీ టూస్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డు పూర్తిగా తెరిస్తే నాలుగు లీటర్ల పైమాటే, అందులో కలిపే ఆయిల్ ఖర్చు వేరు. ఫోర్‌స్ట్రోక్ అయితే మూడు పైన. రోజుకి నాలుగు గంటలు పూర్తి రేసు మీద నడిపే వాళ్ళకి టూస్ట్రోక్‌కీ డీజిల్‌కీ మధ్య తేడా రోజుకి వెయ్యి రూపాయల దాకా వస్తుంది. నెలంతా వేసుకుంటే ఇంజన్ ధరలో తేడా ఏ మూలకి?

దీనికి తోడు ఆంధ్రలో మత్స్యకారుల బోట్లకి డీజిల్ మీద సబ్సిడీ ఉంది. 2019లో దాన్ని లీటరుకి 9 రూపాయలు చేశారు, మోటారు బోటుకి నెలకి 300 లీటర్ల పరిమితి పెట్టారు. అది డీజిల్‌కే. నాన్నగారి బోటుకి రిజిస్ట్రేషన్, లైసెన్సు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఇప్పటి నిబంధన ఏంటో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. కాగితాలు లేక ఈ డబ్బు వదులుకుంటున్న వాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

హెచ్‌పీ గురించి ఒక అపోహ

"డీజిల్ పది హెచ్‌పీ అంటే పెట్రోలు ఇరవై హెచ్‌పీతో సమానం" అని రేవుల్లో, షోరూముల్లో చాలామంది అంటారు. అది నిజం కాదు. హెచ్‌పీ ఎక్కడైనా హెచ్‌పీయే. మరి డీజిల్ ఎందుకు అంత గట్టిగా లాగినట్టు అనిపిస్తుందంటే, కారణాలు రెండు.

మొదటిది, తక్కువ తిరుగుడు మీదే దానికి బలం ఉంటుంది. కేజీవీల్స్ (బురదలో వాడే ఇనుప చక్రాలు) వేసి దమ్ము చేస్తున్నప్పుడు చక్రం లోతు బురదలో పడి ఇంజన్ రెండు మూడు వందల ఆర్‌పీఎం పడిపోయిందనుకోండి. అప్పుడు డీజిల్ లాగుడు తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ కూడా ఆ పడటం గమనించి తనంతట తానే డీజిల్ మోతాదు పెంచుతుంది. డ్రైవరు గేరు మార్చకుండానే గట్టెక్కుతాడు. ఎక్కువ తిరుగుడు మీదే బలం చూపించే పెట్రోలు ఇంజన్ అలాంటి చోట నీరసపడి ఆగిపోతుంది.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. వంద హెచ్‌పీ కారు రోడ్డు మీద మామూలుగా వెళ్తున్నప్పుడు వాడుకునేది ఇరవై, పాతిక హెచ్‌పీయే. ఇంజన్ బతుకంతా సగం విశ్రాంతిలోనే గడుస్తుంది. దమ్ములో ఉన్న ట్రాక్టర్ అలా కాదు, డెబ్బై ఎనభై శాతం లోడు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా నలుగుతుంది. బోటు మరీను. నీటిలో పల్లం అనేది ఉండదు, న్యూట్రల్లో దొర్లుకుంటూ పోవడం ఉండదు. ప్రొపెల్లర్ తిరిగినంతసేపూ లోడే. అందుకే "ఎన్ని హెచ్‌పీ" అని కాదు, "ఆ హెచ్‌పీని గంటల తరబడి ఇవ్వగలదా" అని అడగాలి. ఇంజన్ ప్లేటు మీద కంటిన్యుయస్ రేటింగ్ అని వేరే అంకె ఉంటే చూడాల్సింది దాన్నే.

బరువు: ట్రాక్టర్‌కి కావాలి, బోటుకి వద్దు

మీ ప్రశ్నలో అసలు కీలకం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను.

మన ట్రాక్టర్లలో చాలావాటికి విడిగా ఛాసిస్ ఉండదు. ముందు యాక్సిల్ని ఇంజన్‌కి బిగిస్తారు, ఇంజన్ని క్లచ్ హౌసింగ్‌కి, దాన్ని గేర్‌బాక్సుకి, దాన్ని వెనక యాక్సిల్‌కి. అంటే ఇంజన్ బ్లాకు, దాని కింద ఆయిల్ ఉండే సంపు కూడా బండి బరువు మోసే భాగాలే. అందుకే అంత మందం పోత ఇనుము. అది దండగ బరువు కాదు. టైరు నేలని ఎంత గట్టిగా నొక్కితే అంత లాగుడు వస్తుంది. రైతులు వెనక టైర్లలో నీళ్ళు నింపేదీ, ముందు ఇనుప దిమ్మలు తగిలించేదీ ఇందుకే. 45 హెచ్‌పీ ట్రాక్టర్ దగ్గర దగ్గర రెండు టన్నులుంటుంది. అలాంటి చోట డీజిల్ ఇంజన్ బరువు వరమే.

బోటులో పెట్టిన ప్రతి కిలో బోటుని కిందికి దించుతుంది. పైగా ఇంజన్ ఉండేది వెనక భాగంలో. మూడు సిలిండర్ల 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఇంజన్ ఒక్కటే పావు టన్ను పైన తూగుతుంది. దానికి మెరైన్ (బోట్ల కోసం చేసిన) గేర్‌బాక్సు, షాఫ్టు, ఇంజన్ కూర్చోబెట్టడానికి దూలాలు కలుపుకోండి. మీ 28 అడుగుల బోటులో వలలు, ఐసు, చేపలు, నలుగురు మనుషులు ఎక్కకముందే వెనక భాగం నీళ్ళలో కూరుకుపోతుంది. ఒడ్డుకి వచ్చేటప్పుడు కెరటం వెనక నుంచి ఎక్కేస్తుంది. ఇసుకలోకి లాగాలంటే ఊరంతా రావాలి. పొడుగు షాఫ్టు సింగిల్ సిలిండర్ డీజిల్ని ఇద్దరు మనుషులు మోసుకుపోతారు, 9.9 ఔట్‌బోర్డు నలభై కిలోల లోపే, దాన్ని ఒక్కడే భుజాన వేసుకుంటాడు.

"35 హెచ్‌పీ ఉంటే బోటు రివ్వున పోతుంది కదా" అని మీరనొచ్చు. పోదు. నీళ్ళని చీల్చుకుంటూ వెళ్ళే బోటుకి దాని పొడుగుని బట్టి ఒక వేగం దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. నీటిమట్టం దగ్గర పొడుగు 25 అడుగులనుకుంటే దాని వర్గమూలం ఐదు, దాన్ని 1.34తో గుణిస్తే 6.7 నాటులు. గంటకి పన్నెండు కిలోమీటర్లు. ఆ వేగానికి మీకు పది హెచ్‌పీ చాలు. దానికి మించి ఎంత హెచ్‌పీ పెట్టినా వెనక పెద్ద అల లేస్తుంది తప్ప బోటు పరిగెత్తదు. నీళ్ళ మీదికి లేచి జారుతూ వెళ్ళాలంటే అడుగు బల్లపరుపుగా ఉండాలి, బోటు తేలిగ్గా ఉండాలి, హెచ్‌పీ చాలా కావాలి. అలాంటి వాటికే పెట్రోలు ఔట్‌బోర్డులు పుట్టాయి. గస్తీ బోట్లు, రెస్క్యూ బోట్లు, పర్యాటకుల స్పీడుబోట్లు చూడండి, అన్నిటికీ అవే.

డీజిల్ ఔట్‌బోర్డులు లేవా అంటే ఉన్నాయి. బ్రిటన్‌లో కాక్స్ అనే కంపెనీ 300 హెచ్‌పీది తెచ్చింది. బరువు 390 కిలోల దాకా. అదే శక్తి ఉన్న పెట్రోలుది దానికంటే వంద కిలోల పైనే తక్కువ. ధర మనబోటి వాళ్ళం అడగాల్సింది కాదు.

ఈ లెక్కలోనే ఇంకో చిన్న విషయం. ప్రొపెల్లర్ అడిగే శక్తి తిరుగుడు ఘనాన్ని బట్టి (దాన్ని దానితోనే మూడుసార్లు వేసి గుణించిన లెక్కన) పెరుగుతుంది. అంటే పూర్తి రేసు నుంచి ఇరవై శాతం తగ్గించి నడిపితే ఇంజన్ మీద లోడు దాదాపు సగానికి పడిపోతుంది, వేగం మాత్రం కొంచెమే తగ్గుతుంది. ఒడ్డుకి తొందరగా చేరాల్సిన పని లేని రోజు అలా నడపమని నాన్నగారికి చెప్పండి. ఒక్క వారంలో డీజిల్ డబ్బాలో తేడా కనిపిస్తుంది.

నిప్పు, ఆవిరి

పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా మండే ఆవిరి ఇస్తుంది. డీజిల్ అలా ఆవిరి ఇవ్వాలంటే దాన్ని వేడి చెయ్యాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పొలంలో ట్రాక్టర్ కింద నాలుగు చుక్కలు కారితే గాలికి కొట్టుకుపోతుంది. బోటు అడుగు మూసిన తొట్టి. అక్కడ కారితే ఆవిరి పోయే దారి ఉండదు, అడుగున పేరుకుని కూర్చుంటుంది. సెల్ఫు మోటారులో చిన్న నిప్పురవ్వ చాలు.

అందుకే బోటు లోపల, మూసిన పెట్టెలో పెట్రోలు ఇంజన్ బిగించొద్దు. విదేశాల్లో పెట్రోలు ఇన్‌బోర్డు బోట్లు ఉన్నాయి. వాటికి ఆవిరి బయటికి లాగే బ్లోయర్ ఉంటుంది, స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు అది నడిపి తీరాలి. కార్బురేటర్ మీద మంట బయటికి రాకుండా జాలీ ఉంటుంది, సెల్ఫు, డైనమో కూడా నిప్పురవ్వ బయటికి రాని రకం. పొలం పనుల పెట్రోలు ఇంజన్ని తెచ్చి బోటులో బిగిస్తే వీటిలో ఒక్కటీ ఉండదు. ఔట్‌బోర్డు అయితే ఇంజన్ వెనక బయట వేలాడుతుంది కాబట్టి ఆ గండం తక్కువ. ట్యాంకు మాత్రం గాలి ఆడేచోట పెట్టాలి, బోటులో బీడీ కాల్చే వాళ్ళు ఉంటే మరీ జాగ్రత్త.

డీజిల్ అంటుకోదని మాత్రం అనుకోవద్దు. తేలిగ్గా అంటుకోదు, అంతే. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. అవన్నీ డీజిల్ బోట్లే. ఒకసారి మంట పట్టాక ట్యాంకుల నిండా డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు, ఫైబర్, వలలు, ఏదీ ఆగలేదు.

ఇంకో ప్రమాదం నేల మీద ఉంది, చెప్పకుండా ఉండలేను. పెట్రోలు, కిరోసిన్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. రంగూ వాసనా ఉండదు. నీటిమట్టం పడిపోయిందని ఇంజన్ని బావిలోకి దించి నడిపి, దాన్ని ఆపడానికి దిగినవాడు, వాణ్ణి కాపాడటానికి దిగినవాడు ఇద్దరూ పోయిన ఘటనలు మన పల్లెల్లో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. డీజిల్లో ఆ వాయువు తక్కువైనా బావిలాంటి మూసిన చోట అది కూడా ప్రాణం తీస్తుంది. మీ ఊళ్ళో ఎవరైనా అలా చేస్తుంటే ఆపండి.

ఆ పాత ట్రాక్టర్ ఇంజన్ సంగతి

బరువు గురించి చెప్పాను. అది పక్కన పెట్టినా ఇంకో నాలుగు చిక్కులున్నాయి.

చల్లబరచడం. ట్రాక్టర్‌కి రేడియేటరు, ఫ్యాను, ఎదురుగాలి. బోటులో ఇంజన్ పెట్టెలో ఆ గాలి ఆడదు. సముద్రపు నీళ్ళని నేరుగా ఇంజన్లో తిప్పితే కొన్నాళ్ళకే లోపల ఉప్పు పేరుకుని నీటి దారులు మూసుకుపోతాయి, హెడ్డు తినేస్తుంది. మెరైన్ ఇంజన్లో లోపల మంచినీళ్ళు తిరుగుతాయి, బయట సముద్రపు నీళ్ళు వాటిని చల్లబరుస్తాయి, మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. తుప్పు ఇంజన్ని వదిలి వాటిని తినేలా జింకు ముక్కలు కూడా పెడతారు. ఇవన్నీ కొత్తగా కట్టాలి.

పొగ గొట్టం. ట్రాక్టర్లో ఎర్రగా కాలినా పైన ఆకాశమే. ఫైబర్ బోటులో ఆ వేడి పక్కనే రెసిన్ ఉంటుంది. నీటితో చల్లబడే మానిఫోల్డు (ఇంజన్ పొగని గొట్టంలోకి పంపే భాగం) కావాలి.

సంపు. బోటులో షాఫ్టు వాలుని బట్టి ఇంజన్ వెనక్కి వాలి కూర్చుంటుంది, అల మీద అటూ ఇటూ ఊగుతుంది. ట్రాక్టర్ సంపులో ఆయిల్ పైపు అలాంటి వాలుకి చేసింది కాదు. ఆయిల్ అందక బేరింగు పట్టేస్తే నడిసంద్రంలో చేసేదేం లేదు.

గేర్‌బాక్సు. ట్రాక్టర్ గేర్లు బోటుకి పనికిరావు. ముందుకి, వెనక్కి, న్యూట్రల్ ఉండి, తిరుగుడు తగ్గించే మెరైన్ గేర్‌బాక్సు కొనాలి. ఇవన్నీ కలిపి లెక్కేస్తే కొత్త పొడుగు షాఫ్టు ఇంజన్ ధర దాటిపోతుంది. నా దగ్గరికి ఈ ఆలోచనతో వచ్చిన వాళ్ళందరికీ ముందు కాగితం మీద ఈ లెక్క వేయించాను. వేసుకున్నాక ఎవరూ ముందుకి వెళ్ళలేదు.

"మరబోట్లలో లేలాండ్ లారీ ఇంజన్లు లేవా" అని అడుగుతారు. ఉన్నాయి, బాగా నడుస్తున్నాయి కూడా. కానీ అవి పైన చెప్పిన మార్పులన్నీ చేసిన మెరైన్ రకాలు. పడవలు పెద్దవి, పదుల టన్నులు మోసేవి. గేర్‌బాక్సు తిరుగుడు తగ్గించి పెద్ద ప్రొపెల్లర్ని నెమ్మదిగా తిప్పుతుంది, వల లాగేటప్పుడు ఆ నెమ్మది తిరుగుడే కావాలి. మీ బోటు ఆ కోవది కాదు.

ఆ పాత ఇంజన్ కంప్రెషన్ బాగుంటే పొలంలో నీళ్ళు తోడే పంపుకి వాడుకోండి. చక్కగా సరిపోతుంది.

పెట్రోలు ఎక్కడ మేలు

కలుపు తీసే చిన్న వీడరు, గడ్డి కోసే యంత్రం, స్ప్రేయరు. ఇక్కడ డీజిల్ మాట ఎత్తొద్దు. హోండా జీఎక్స్160 లాంటి 5 హెచ్‌పీ పెట్రోలు ఇంజన్ పదిహేను కిలోలు. నీళ్ళు తోడే అదే హెచ్‌పీ పాత డీజిల్ ఇంజన్‌ని కదపాలంటే నలుగురు పట్టాలి. మనిషి చేత్తో పట్టుకు తిరిగే దేనికైనా పెట్రోలే, లేదంటే ఇప్పుడు బ్యాటరీ.

బోట్లలో అయితే వారానికి ఒకట్రెండు సార్లు, గంటో అరగంటో నడిపేవి, వేగం కావాల్సినవి, నదిలో, బ్యాక్‌వాటర్‌లో ఇంజన్ తీసి ఇంటికి మోసుకెళ్ళాల్సినవి. గంటలు తక్కువైతే డీజిల్ ఆదా చేసే డబ్బు దాని ధరకి ఎప్పటికీ రాదు.

ఒకప్పుడు ట్రాక్టర్లు కూడా పెట్రోలువే. ఇంగ్లండులో 1946లో వచ్చిన ఫెర్గుసన్ టీఈ20 మొదట పెట్రోలుతోనే వచ్చింది. 1949లో పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాక చవక కిరోసిన్ రకం నూనెకి మార్చుకునే మోడల్, 1951లో డీజిల్ మోడల్ తెచ్చారు. రైతు ఖర్చు ఎటు లాగిందో ఆ వరసే చెప్తుంది. కేరళ తీరంలో కిరోసిన్ ఔట్‌బోర్డులు ఇప్పటికీ అలాగే పెట్రోలుతో అందుకుని కిరోసిన్ మీద నడుస్తాయి. కిరోసిన్ చవగ్గా దొరికినన్నాళ్ళూ అది బాగానే ఉంది. మన వైపు ఫైబర్ బోట్లకి గ్రీవ్స్ లొంబార్డినీ రకం చిన్న డీజిళ్ళు ఎక్కువగా స్థిరపడ్డాయి. స్పేర్లు ప్రతి రేవులో దొరుకుతాయి, మెకానిక్కులూ ఉంటారు. ఇంజన్ ఎంచుకునేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇంధనం దగ్గర జాగ్రత్తలు

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. బోటులో సగం ఖాళీ ట్యాంకు, పైన తేమగాలి, రెండు నెలల నిషేధం... నీళ్ళు ఎక్కువైతే ఇథనాలూ నీళ్ళూ విడిపోయి అడుక్కి చేరతాయి, ఇంజన్ పీల్చేది దాన్నే. ఔట్‌బోర్డు ఉన్నవాళ్ళు నిషేధానికి ముందు ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేసి పెట్టండి. ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో ఇంజన్ లోపల కడగాలి. కడగని ఔట్‌బోర్డుని విప్పితే లోపల ఉప్పు గడ్డ కట్టి ఉంటుంది. గాలితో చల్లబడే డీజిల్‌కి ఈ బాధ లేదు.

డీజిల్‌కి శత్రువులు నీళ్ళు, మురికి, గాలి. పంపులో ప్లంజరుకీ (లోపల జారే కడ్డీ) బ్యారెల్‌కీ (దాని గొట్టం) మధ్య సందు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అందులోకి నీటిచుక్క వెళ్తే తుప్పు, పంపు మార్చడమే. కిరోసిన్ కలిపిన డీజిల్ చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు, దానికి జిడ్డు తక్కువ కాబట్టి పంపుని అరగదీస్తుంది. డీజిల్ నుంచి నీళ్ళు వేరుచేసే సెపరేటర్ గిన్నెలో చేరిన నీళ్ళు రోజూ వదిలేయండి. ట్యాంకు పావు కంటే కిందికి పోనివ్వొద్దు. అల మీద ఊగినప్పుడు గాలి లాగేస్తే ఇంజన్ ఆగుతుంది, మళ్ళీ పైపు వదులు చేసి గాలి తీసేదాకా అందుకోదు. నాన్నగారి పక్కన వెళ్ళే ప్రతి ఒక్కరికీ గాలి తీయడం వచ్చి ఉండాలి.

పొగ చూస్తూ ఉండండి. లోడు మీద నల్ల పొగ ఆగకుండా వస్తుంటే నాజిలో, ఎయిర్ ఫిల్టరో చూడాలి. బోటులో అయితే ప్రొపెల్లర్ పెద్దదైనా అంతే. ఒకాయన కొత్త ఇంజన్ వేయించుకున్న నెలకే నల్ల పొగ, వేడి అని తెచ్చాడు. ఇంజన్ని ముట్టుకోలేదు, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి ముందుకి నెట్టే దూరం) తగ్గించి వేశాం, సరిపోయింది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగులు చూడాలి. అరిగిన డీజిల్ తన సొంత ఆయిల్నే తాగి, డీజిల్ కట్టేసినా ఆగకుండా రేసు పెంచుకుంటూ పోవచ్చు. అప్పుడు దగ్గర నిలబడకండి. వెళ్ళగలిగితే గాలి పీల్చే మూతిని చెక్కతోనో తడి గోనెతోనో మూసేయాలి. చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు.

ట్రాక్టర్ గురించి చివరిగా

ఐదెకరాలకే అయితే సొంత ట్రాక్టర్ గిట్టదు. ఏడాదికి వెయ్యి గంటలు తిరిగితే ట్రాక్టర్ గిట్టుబాటని వ్యవసాయ ఇంజనీర్లు లెక్కేస్తారు. మీ పొలంలో రెండు పంటలకీ కలిపి వంద గంటలు రావడం కష్టం. బయట కిరాయి పని ఖాయంగా ఉంటేనే అప్పు చేయండి. కొంటే 40 నుంచి 45 హెచ్‌పీ మధ్యది, రోటావేటర్ లాగాలంటే అంతకు తగ్గొద్దు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి, వాటిలో ఎలక్ట్రానిక్ పంపులు ఉంటున్నాయి. బాగా నడుస్తాయి, కానీ తేడా వస్తే ఊరి మెకానిక్కు చేతిలో పని కాదు, కంప్యూటర్ పెట్టి చూడాలి. మీకు కావాల్సింది దానికంటే తక్కువే కాబట్టి మామూలు పంపు రకమే దొరుకుతుంది. సెకండ్‌హ్యాండ్ అయితే పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద వెళ్ళి మీరే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టు. ఆయిల్ పోసే మూత తీసి చూడండి, గుప్పుగుప్పున పొగ వస్తే బోరు పని ఉంది.

బోటుకి సరైన ప్రొపెల్లర్ సైజు కావాలంటే నీటిమట్టం దగ్గర పొడుగు, వెడల్పు, వలలతో సహా ఎంత బరువు ఎక్కుతుంది, ఒడ్డు ఇసుకా రేవా, పాత ఇంజన్ ప్లేటు మీద ఉన్న ఆర్‌పీఎం, ఈ వివరాలు కింద రాయండి. లెక్కేసి చెప్తాను.